కీబోర్డుతో బతుకుదెరువు: వరంగల్ చుట్టుపక్కల ఏ దారి ఎవరికి?

"నెలకు ఎంత వస్తది?"

కీబోర్డు వాయించే బతుకుతానన్న కొడుకును గానీ బిడ్డను గానీ బాపు అడిగే మొదటి మాట ఇది. అడగడంలో తప్పేం లేదు. కాకపోతే హనుమకొండలోనో కరీంనగర్‌లోనో ఉండి ఈ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పేవాళ్ళను నమ్మకండి. చర్చిలో వాయించేవాళ్ళకు డిసెంబరులో తిండి తినే తీరిక ఉండదు. పెండ్లి స్టేజీలు ఎక్కేవాళ్ళకు ఆషాఢంలో ఫోను మోగదు. ట్యూషన్లు చెప్పేవాళ్ళ దగ్గర మార్చి రాగానే పిల్లలు పరీక్షలని మానేస్తారు. ఎంత వస్తది అనేకన్నా ఏ నెలలో రాదు అన్నది ముందు తేల్చుకోవాలి. కింద చెప్పబోయే దారులన్నింటినీ ప్రధానంగా ఈ లెక్కతోనే చూశాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పుకుందాం. ఒంటరిగా పియానో ముందు కూర్చుని బీథోవెనో షోపానో వాయిస్తే జనం టికెట్టు కొని వినే కొలువు ఉత్తర తెలంగాణలో లేదు. పాటగాళ్ళ పక్కన వాయించినందుకు, పిల్లలకు నేర్పినందుకు, ఇంకొకరి పాటకు మ్యూజిక్ కట్టినందుకు ఇక్కడ డబ్బులిస్తారు. కచేరీ కలలు ఉంటే ఉండనివ్వండి, కిరాయి మాత్రం వీటితోనే కట్టాలి.

దేనితో తూచాలి

మొదటిది, డబ్బు వచ్చే వేళ. నెలకోసారా, ప్రోగ్రాముకోసారా, పండుగకోసారా? రెండోది పెట్టుబడి. దీనికి చివర్లో విడిగా వస్తాను, ఎందుకంటే దారి తేలకముందే వస్తువు కొనేసేవాళ్ళే ఎక్కువ.

మూడోది మీ చెయ్యి. ఈ పనిలో మూడేళ్ళు ఉంటే ఇప్పటికన్నా బాగా వాయిస్తారా, ఇంతే ఉంటారా, ఉన్నది కూడా పోతుందా? చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు. ఈ పనిలో రేటు పెరిగేదే చెయ్యి పెరిగితే. నా లెక్కలో డబ్బు తర్వాత పెద్ద విషయం ఇదే.

నాలుగోది రాత్రులు. అర్ధరాత్రి ఫంక్షన్ హాలు నుంచి కీబోర్డు, స్టాండు బండి మీద పెట్టుకొని ఇల్లు చేరడం ఇరవై రెండేళ్ళప్పుడు సరదాగానే ఉంటది. పిల్లలు పుట్టాక అట్ల ఉండదు. అమ్మాయిలకైతే మొదటి రోజు నుంచే ఇది ఆలోచించాల్సిన సంగతి. ఐదోది పేరు. మీ పనితో పెరిగేది మీ పేరా, అకాడమీ పేరా, పాడినవాళ్ళ పేరా?

ఇంటి ట్యూషన్లు, సొంత క్లాసు

హనుమకొండలో నక్కలగుట్ట, సుబేదారి, హంటర్ రోడ్డు, కాజీపేట వైపు ఫాతిమానగర్, కరీంనగర్‌లో మంకమ్మతోట లాంటి వాడల్లో పిల్లలకు కీబోర్డు నేర్పించాలనుకునే ఇండ్లు ఉన్నాయి. డాక్టర్లు, లెక్చరర్లు, బ్యాంకు ఉద్యోగులు. గోదావరిఖని, రామగుండంలలో సింగరేణి, ఎన్టీపీసీ కాలనీలు కూడా ఇలాంటివే. జీతం నెలనెలా వచ్చే ఇండ్లలో ఫీజు కూడా నెలనెలా వస్తుంది.

లెక్క ఎలా వేసుకోవాలో చూద్దాం. అంకెలు నేను ఊరికే వేసినవి, మీ వాడ రేటు మీరు పెట్టుకోండి. 15 మంది పిల్లలు, ఒక్కొక్కరికి 1,200 అనుకుంటే నెలకు 18,000. చాలామంది ఇక్కడే ఆగి, పన్నెండుతో హెచ్చవేసి ఇంట్లో చెప్తారు. పరీక్షల రెండు నెలలు 9 మందే మిగిలారనుకోండి, ఆ నెలల్లో వచ్చేది 10,800. ఏడాదికి మొత్తం 2,01,600, నెలకు సగటున 16,800. ఇందులోంచి గది కిరాయి, కరెంటు, పిల్లలు వాయించే రెండో కీబోర్డు ఖర్చు తీసేయాలి. మే నెలలో సమ్మర్ క్లాసులు పెట్టి కొంత పూడ్చుకోవచ్చు. అయితే ఆ పిల్లల్లో జూన్ తర్వాత నిలిచేవాళ్ళు తక్కువే.

ఫీజు క్లాసు లెక్కన కాకుండా నెల లెక్కన, ఐదో తారీఖులోపు ముందుగానే తీసుకోవాలి. క్లాసు లెక్కన తీసుకుంటే ప్రతి జ్వరం, ప్రతి పెండ్లి మీ జేబులోంచే పోతుంది. "వచ్చే నెల కలిపి ఇస్తం సార్" అన్న మాట ఒకసారి ఒప్పుకుంటే ప్రతినెలా వింటారు.

ఈ దారిలో రేటు పెంచేది గ్రేడు పరీక్షలు, అంటే పాశ్చాత్య సంగీతంలో మెట్టుమెట్టుగా పెట్టే పరీక్షలు. లండన్ ట్రినిటీ కాలేజీ, ఏబీఆర్ఎస్ఎం (ఇదీ బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డే) రెండూ ఎనిమిది గ్రేడుల దాకా పరీక్షలు పెడతాయి. తేడా తెలుసుకొని ఎంచుకోండి. ఏబీఆర్ఎస్ఎంలో ఆరో గ్రేడు పరీక్షకు వెళ్ళాలంటే ఐదో గ్రేడు థియరీ ముందు పాసవ్వాలి. ట్రినిటీలో ఆ షరతు లేదు. పైగా ట్రినిటీలో పియానోకు, ఎలక్ట్రానిక్ కీబోర్డుకు వేర్వేరు సిలబసులు ఉన్నాయి. ఇంట్లో 61 కీల కీబోర్డే ఉన్న పిల్లలకు రెండోది సరిపోతుంది. రెండు బోర్డులూ ఇప్పుడు వీడియో రికార్డు చేసి పంపే పరీక్షలు కూడా పెడుతున్నాయి కాబట్టి ప్రతి పిల్లవాణ్ణీ హైదరాబాద్ తీసుకుపోవాల్సిన పని లేదు. థియరీ మీద పట్టున్న టీచరైతే ఏబీఆర్ఎస్ఎం వైపు వెళ్ళమంటాను. సర్టిఫికెట్ తొందరగా చూడాలనే తల్లిదండ్రులు ఎక్కువుంటే ట్రినిటీ నడుస్తుంది.

ఆన్‌లైన్ క్లాసులు దీనికే ఇంకో కొమ్మ. మన జిల్లాల నుంచి అమెరికా పోయిన కుటుంబాలు తక్కువేం కాదు, తెలుగులో చెప్పే టీచర్ కావాలని వాళ్ళే వెతుకుతారు. డల్లాస్‌లో సాయంత్రం 7 గంటలంటే మనకు వేసవిలో తెల్లవారి 5:30, చలికాలంలో 6:30. నవంబరులో వాళ్ళ గడియారం మారినప్పుడు మీ ఉదయం బడి పిల్లల క్లాసుతో గుద్దుకోకుండా టైము ముందే సర్దుకోవాలి. ఇండ్లల్లో చెప్పే క్లాసులు సాయంత్రం, ఇవి తెల్లవారుజామున. రెండూ కలిస్తే మధ్యాహ్నం ఖాళీ. ఆ మధ్యాహ్నం రెండు గంటలు సొంత సాధనకు కేటాయించకపోతే చెయ్యి మొద్దుబారుతుంది. రోజూ ఐదు గంటలు మొదటి గ్రేడు పిల్లల వేళ్ళు సరిదిద్దితే మన వేళ్ళూ మొదటి గ్రేడుకే అలవాటు పడతాయి.

స్కూల్లో మ్యూజిక్ టీచర్

ప్రైవేటు స్కూళ్ళలో జీతం నెలనెలా వస్తుంది, అదే దీని బలం. చేరేముందు మూడు విషయాలు అడగండి. మే నెల జీతం ఇస్తారా? యాన్యువల్ డే రిహార్సళ్ళు స్కూలు టైములోనా, తర్వాతా? బయట ట్యూషన్లు చెప్పుకోనిస్తారా? మూడోదానికి "వద్దు" అంటే ఆ జీతం ఎంతున్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. స్కూల్లో మీకు దొరికేది జీతంతో పాటు మూడు వందల ఇండ్లతో పరిచయం. అది వాడుకోనివ్వకపోతే లాభం సగం పోయినట్టే.

ప్రభుత్వ కొలువు కావాలంటే కేంద్రీయ విద్యాలయాల్లో పీఆర్టీ (ప్రైమరీ టీచర్) మ్యూజిక్ పోస్టు ఉంటుంది, మూల వేతనం 35,400. ఇంటర్‌లో 50 శాతం మార్కులతో పాటు సంగీతంలో డిగ్రీ కావాలి. గ్రేడు సర్టిఫికెట్లు ఎన్ని ఉన్నా డిగ్రీ లెక్కలోకి రావు. ఈ దారి మనసులో ఉంటే ఇప్పుడే డిగ్రీకి కట్టండి, ముప్పై దాటాక కాదు.

చర్చి

మన ప్రాంతంలో చర్చి సంగీతానికి పునాది గట్టిది. 1912లో డోర్నకల్ బిషప్ అయిన అజరయ్య కాలంలో మొదలైన కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది, మెదక్ చర్చిది 1924. ఇలాంటి పాత చర్చిల్లో రాగతాళాల్లో నడిచే కీర్తనలు ఇప్పటికీ పాడతారు. కొత్త సంఘాల్లో కార్డుల (ఒకేసారి నొక్కే స్వరాల గుంపుల) మీద నడిచే ఆరాధన పాటలు. రెండూ వాయించగలిగినవాళ్ళకు పిలుపులకు కొదవ ఉండదు.

డబ్బు సంగతి సూటిగా చెప్పుకోవాలి. కొన్ని సంఘాలు నెలకింత అని ఇస్తాయి, కొన్ని కానుకగా ఇస్తాయి, చాలాచోట్ల "దేవుని పని" అంటారు. మీరు ఆ సంఘం సభ్యులైతే డబ్బు అడగడం ఇబ్బందే. అలాంటప్పుడు సొంత చర్చిలో సేవగానే వాయించి, బయటి సభలు, వేరే సంఘాల క్రిస్మస్ కార్యక్రమాలకు మాత్రం రేటు ముందే మాట్లాడుకోవడం మర్యాదగా ఉంటుంది. డిసెంబరు నిండుగా ఉంటుంది, ఈస్టరు ముందు నలభై రోజులు కూటాలు ఉంటాయి, మిగతా ఏడాదంతా ఆదివారాలే.

చర్చి ఇచ్చే అసలు జీతం చెవి. పాస్టరమ్మ ముందుగా ఏమీ చెప్పకుండా పాట ఎత్తుకుంటుంది. రెండో మాటకల్లా శ్రుతి పట్టాలి, మూడో మాటకు కార్డు పడాలి. రెండో చరణంలో ఆమె గొంతు అలసి సగం శ్రుతి దిగితే మీరూ దిగాలి. శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కే టైము ఉండదు, నొక్కినా సంఘమంతా వింటుంది. పన్నెండు స్కేళ్ళలో వాయించే చెయ్యి అక్కడే తయారవుతుంది. గ్రేడులు పాసై పుస్తకం లేకపోతే వాయించలేని పిల్లలను చూస్తే, రెండేళ్ళు ఏదైనా చర్చిలో కూర్చోబెట్టాలనిపిస్తుంది.

పెండ్లిళ్ళు, ఆర్కెస్ట్రా, స్టేజీ

ఒక్క రాత్రికి ఎక్కువ డబ్బు కనిపించేది ఇక్కడే, ఏడాదిలో ఎక్కువ ఖాళీ రోజులు ఉండేదీ ఇక్కడే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, జ్యేష్ఠం, శ్రావణం, కార్తీకం, మార్గశిరం ముహూర్తాల నెలలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ. మూఢం వస్తే మంచి నెల కూడా ఎండిపోతుంది. కొత్త పంచాంగం రాగానే మూఢాలు ఎప్పుడో చూసి పెట్టుకోండి, ఆ ఏడాది బడ్జెట్ అదే. వినాయక మండపాలు, బతుకమ్మ తొమ్మిది రోజులు, డిసెంబరు 23న సింగరేణి డే లాంటి కార్యక్రమాలు కొంత పూడుస్తాయి.

బరాత్‌ను డీజే పూర్తిగా ఎత్తుకుపోయింది, అక్కడ కీబోర్డుకు చోటు లేదు. సంగీత్, రిసెప్షన్లలోనే లైవ్ మిగిలింది. అక్కడ కూడా ఐదుగురి బ్యాండు బదులు కీబోర్డు, ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్), ఇద్దరు పాటగాళ్ళతో సరిపెట్టే ఇండ్లు ఎక్కువ. అది మనకు లాభమే. నలుగురి పని ఒక్కరే చేస్తున్నప్పుడు రేటు కూడా ఆ లెక్కనే అడగాలి. ఆర్కెస్ట్రా అన్నలు కొత్తవాళ్ళకు "తమ్మీ, నాలుగు ప్రోగ్రాములు చెయ్యి, అప్పుడు చూద్దాం" అంటారు. నాలుగు చెయ్యండి, ఐదోదానికి ముందు మాట్లాడండి.

చట్టం రెండు చోట్ల తగులుతుంది. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(జెడ్ఏ) ప్రకారం పెండ్లిలో, పెండ్లి ఊరేగింపులో, దానికి సంబంధించిన వేడుకల్లో సినిమా పాటలు వాయించడానికి లైసెన్సు అక్కర్లేదు. ఫంక్షన్ హాలు వాళ్ళు అడిగితే ఈ సెక్షన్ చూపించండి. టికెట్టు పెట్టిన న్యూ ఇయర్ ఈవెంటుకు ఆ మినహాయింపు వర్తించదు, లైసెన్సు చూసుకోవాల్సింది నిర్వాహకులే. రెండోది, రాత్రి పది దాటితే బయట లౌడ్ స్పీకర్ నిషేధం. పదికి పోలీసులు ఆపితే మీ పేమెంటు ఆగకూడదు. అడ్వాన్స్ సగం, స్టేజీ ఎక్కేముందు మిగతాది అన్న పద్ధతి అందుకే.

ఫోక్ స్టూడియో: మన ప్రాంతంలో గట్టిగా ఉన్న దారి

మన దగ్గర బాగా పాతుకున్న పని ఇది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, వరంగల్ చుట్టూ యూట్యూబ్ జానపద పాటల పని ఏడాది పొడవునా నడుస్తుంది. పాటగాళ్ళున్నారు, రాసేవాళ్ళున్నారు, షూటింగ్ చేసేవాళ్ళున్నారు. వాళ్ళకు కావాల్సింది కీబోర్డు ముందు కూర్చుని కంప్యూటర్లో పాటకు ఒళ్ళు కట్టే మనిషి. ప్రోగ్రామింగ్ అంటే ఇదే.

పని ఎలా ఉంటుందో ఒక పాట దగ్గర చూద్దాం. పల్లెలో పాడిన పాట ఫోనులో రికార్డై వాట్సాప్‌లో వస్తుంది. మొదటి చరణం ఐదు శ్రుతిలో మొదలై, మూడో చరణానికి ఐదున్నరకు ఎక్కి ఉంటుంది. పాడినవాళ్ళ తప్పు కాదది. డప్పు పక్కన నిలబడి పాడే గొంతు ఊపుకు పైకి పోతుంది. మీరు ఆ గొంతు ఎక్కడ విచ్చుకుంటుందో చూసి స్కేల్ ఖాయం చేయాలి. నడక చూసి టెంపో కట్టాలి. మొదట్లో నెమ్మదిగా పాడి చివర పరుగెత్తే పాటకు మధ్యలో ఎక్కడో ఒక వేగం దొరుకుతుంది. దాన్ని పట్టుకోవడంలోనే సగం పనితనం ఉంది. తర్వాత డప్పు, డోలక్, చరణాల మధ్య బిట్లు. లూపులతో (ముందే రికార్డు చేసిన ముక్కలతో) డప్పు వేస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఒక్కరోజు డప్పు కళాకారుణ్ణి పిలిచి నిజంగా కొట్టించిన పాట వేరేలా నిలబడుతుంది, ఆ ఖర్చు ముందే బడ్జెట్లో అడగండి. చివరగా కరెక్షన్లు. "అన్నా, ఇంకొంచెం ఊపు కావాలె" అన్న మాటకు అంతు ఉండదు. రెండు కరెక్షన్లు ఫ్రీ, మూడోదానికి చార్జి అని మొదటి రోజే చెప్పండి.

ఈ దారిని నేను ఎక్కువ మెచ్చేది డబ్బు వచ్చే వేళ వల్ల. పాట పండుగకు ముందు తయారవ్వాలి. బోనాల పాటలు జ్యేష్ఠం నుంచి, బతుకమ్మ పాటలు శ్రావణ భాద్రపదాల్లో, క్రిస్మస్ పాటలు అక్టోబరు నవంబరుల్లో, రెండేళ్ళకోసారి మాఘంలో వచ్చే మేడారం జాతర పాటలు పుష్యంలో. స్టేజీ ఎండిపోయిన నెలల్లో కూడా స్టూడియో నిండుతుంది. ఎన్నికలొస్తే పార్టీల పాటలు అదనం. వాటికి డబ్బు పూర్తిగా ముందే తీసుకోవాలి, ఫలితాల తర్వాత ఓడినాయన ఫోను ఎత్తడు.

లోపాలు లేకపోలేదు. ఒకటి, కంప్యూటర్లో తప్పు నోటును మౌస్‌తో సరిచేసే అలవాటు వల్ల చెయ్యి సోమరి అవుతుంది. రెండు, పాట కోటి మంది చూసినా మీకు వచ్చేది మొదట మాట్లాడుకున్నదే. 2012 కాపీరైట్ సవరణ తర్వాత స్వరకర్తకు రాయల్టీలో విడదీయరాని వాటా ఉంది, అది బాణీ కట్టినవాళ్ళకు. వేరేవాళ్ళ బాణీకి ప్రోగ్రామింగ్ మాత్రమే చేస్తే ఆ వాటా రాదు. కాబట్టి బాణీ మీదైతే "సంగీతం" అని మీ పేరు వీడియోలో, కాగితం మీద రెండుచోట్లా రాయించుకొని, రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోండి.

సొంత చానల్ గురించి ఒక్క మాట. యాడ్ల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్. సినిమా పాటలు పియానో మీద వాయించి పెడితే ఆ డబ్బు సాధారణంగా పాట హక్కుదారులకే పోతుంది. చానల్‌ను ఆదాయంగా కాకుండా విజిటింగ్ కార్డుగా చూసుకుంటే నిరాశ ఉండదు.

హైదరాబాద్, హోటళ్ళు, ఓడలు

కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. ఇల్లు ఇక్కడే ఉంచి శని, ఆదివారాలు పోయి వాయించి రావడం జరిగే పనే. పెద్ద హోటళ్ళ లాబీల్లో, రెస్టారెంట్లలో మెత్తగా వాయించే పియానో పని ఉంటుంది. జాజ్ పాటలు, పాత హిందీ, కొంచెం పాశ్చాత్య శాస్త్రీయం, మూడు గంటలు ఆపకుండా. ఎవరూ వినరు, చప్పట్లు ఉండవు, చెయ్యి మాత్రం బాగా పదునెక్కుతుంది. సినిమా రికార్డింగులు కావాలంటే మాత్రం వారాంతపు రైలు చాలదు, అక్కడే ఉండాలి. మహబూబాబాద్ జిల్లా కంబాలపల్లి నుంచి వెళ్ళి సంగీత దర్శకుడైన దివంగత చక్రి ఉదాహరణ మన కండ్ల ముందే ఉంది. అంత ఎత్తుకు పోయినవాళ్ళు వేళ్ళ మీద లెక్కే అన్నదీ మన కండ్ల ముందే ఉంది. ఏడాది కిరాయి చేతిలో ఉంచుకొని వెళ్ళండి.

క్రూయిజ్ ఓడల్లో కొలువుకు నొటేషన్ (కాగితం మీద రాసిన స్వరాలు) చూసి అప్పటికప్పుడు వాయించడం తప్పనిసరి, ఆడిషన్ వీడియోలు అడుగుతారు. కొన్ని నెలల కాంట్రాక్టు, తిండి, గది వాళ్ళదే, జీతం మిగులుతుంది. వైద్య పరీక్ష, సముద్ర భద్రత శిక్షణ, అమెరికా రేవులకు పోయే ఓడైతే ఓడ సిబ్బందికి ఇచ్చే సీ1/డీ వీసా కావాలి. ఏజెంటుకు షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ఆర్పీఎస్ఎల్ (ఓడలకు మనుషులను పంపే) లైసెన్సు ఉందో లేదో చూడండి. ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. "రెండు లక్షలు కట్టు, ఓడ ఎక్కిస్తా" అన్న మనిషి దగ్గర ఆ మాటతోనే లేచి రండి.

ఒక్క చూపులో

| దారి | డబ్బు వచ్చే వేళ | ఎండిన నెలలు | చేతికి | రాత్రులు |
|---|---|---|---|---|
| ట్యూషన్లు | నెలనెలా | మార్చి, ఏప్రిల్ | సాధన లేకపోతే నష్టం | లేవు |
| స్కూలు | నెలనెలా | మే (అడిగి తెలుసుకోండి) | పెద్దగా ఎదగదు | యాన్యువల్ డే ముందు |
| చర్చి | పండుగలకు, కొన్నిచోట్ల నెలకు | జూన్ నుంచి అక్టోబరు | చెవికి చాలా మంచిది | సభలప్పుడు |
| స్టేజీ | ప్రోగ్రాముకు | ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం | మంచిది | దాదాపు ఎప్పుడూ |
| ఫోక్ స్టూడియో | పాటకు | పెండ్లిళ్ళ నెలల్లో కొంత | వేళ్ళకు నష్టం, ఆలోచనకు లాభం | మీ ఇష్టం |
| హోటల్, ఓడ | నెలకు, కాంట్రాక్టుకు | రెండు కాంట్రాక్టుల మధ్య | చాలా మంచిది | రోజూ |

మీరు ఎవరు?

గ్రేడులు చదివి నొటేషన్ బాగా వచ్చి, చెవితో పట్టడం రాకపోతే: ట్యూషన్లతో మొదలుపెట్టి ఆదివారాలు చర్చిలోనో, పరిచయమున్న ఆర్కెస్ట్రా రిహార్సళ్ళలోనో కూర్చోండి. ఓడలు, హోటళ్ళు మీకు నిజంగా అందుబాటులో ఉన్నాయి, ఆ విలువ మీకే తెలియకపోవచ్చు.

చర్చిలోనో స్టేజీ మీదో పెరిగి, చెవి బాగుండి, నొటేషన్ రాకపోతే: స్టూడియో మీదే. ట్యూషన్ కూడా చెప్పొచ్చు, కానీ గ్రేడు పరీక్షలకు పంపే ఇండ్లు మిమ్మల్ని దాటిపోతాయి. ఐదో గ్రేడు థియరీ వరకు చదువుకోవడం ఏడాది పని, ఫలితం జీవితాంతం ఉంటుంది. వరంగల్‌లోని విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో కర్ణాటక సంగీతం కొంత నేర్చుకున్నా కీర్తనలకు, జానపద బిట్లకు రెండింటికీ పనికొస్తుంది.

ఇంటి బరువు మీ మీదే ఉంటే స్టేజీని మొదటి దారిగా పెట్టుకోకండి. ట్యూషన్లు లేదా స్కూలు కింద పెట్టి, దాని మీద స్టూడియో పెట్టండి. ఈ జోడీ నాకు అన్నింటికన్నా నచ్చుతుంది, ఒకటి ఎండితే ఇంకొకటి పారుతుంది. స్కూలు, స్టేజీ జోడీ మాత్రం కుదరదు. రాత్రి రెండింటికి ఇల్లు చేరి పొద్దున ప్రేయర్‌కు హార్మోనియం ముందు కూర్చోవడం నెల దాటదు.

చిన్న పిల్లలున్న తల్లులకు ఇంట్లో క్లాసు, తెల్లవారి ఆన్‌లైన్ సరిపోతాయి. ఆడపిల్లలకు నేర్పడానికి లేడీ టీచర్ కావాలనే ఇండ్లు చాలా ఉన్నాయి, ఈ ఒక్కచోట గిరాకీ మీ వైపే ఉంది. జగిత్యాల, మంచిర్యాల, మహబూబాబాద్ లాంటి చోట్ల ఉన్నవాళ్ళకు 15 మంది పిల్లలు ఒకే వాడలో దొరకరు. రెండు స్కూళ్ళలో వారానికి మూడేసి రోజులు మాట్లాడుకోవడం మేలు.

ఇక వస్తువు

పిల్లలకు ఆరో గ్రేడు పైన నేర్పాలన్నా, హోటళ్ళ వైపు పోవాలన్నా అసలు పియానోలా నొక్కితే బరువు తగిలే 88 కీలున్న డిజిటల్ పియానో కావాలి. యమహా పీ సిరీస్, రోలాండ్ ఎఫ్‌పీ-10, క్యాసియో సీడీపీ లాంటివి. దాన్ని స్టేజీకి మోయలేరు, అందులో స్టేజీకి కావాల్సిన రిథమ్‌లూ ఉండవు. స్టేజీకి, చర్చికి రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 లాంటి తేలికైన 61 కీలది, లేదా మన టోన్లు, రిథమ్‌లు ఉన్న యమహా పీఎస్ఆర్-ఐ500 లాంటిది. స్టూడియోకు ఏ కీబోర్డైనా యూఎస్‌బీతో కలిస్తే చాలు, డబ్బు మంచి స్పీకర్లలో, మైకులో పెట్టాలి. అసలు పియానో ఇక్కడ వద్దే వద్దు. రెండు వందలకు పైగా తీగలను మన ఎండలకు శ్రుతిలో నిలపడమే కష్టం, ట్యూన్ చేసే మనిషి హైదరాబాద్ నుంచి రావాలి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు అమ్మేవాళ్ళు డెమో పాట వినిపిస్తారు. అది ఆపేయండి. రిథమ్ లేకుండా, ఒక్క పియానో టోన్ పెట్టి, కింది చివరి నుంచి పై చివరిదాకా ప్రతి కీనీ రెండుసార్లు నొక్కండి, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా. మెల్లగా నొక్కినా గట్టిగా మోగిందంటే లోపల కాంటాక్ట్ రబ్బరు అరిగినట్టు. ఎక్కువగా మధ్య రెండు ఆక్టేవుల్లోనే అరుగుతుంది. నాలుగైదు కీలైతే రబ్బరు పట్టీ మార్పించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. తర్వాత సస్టెయిన్ పెడల్ పెట్టి చూడండి, శ్రుతిని వంచే పిచ్ బెండ్ చక్రం వదిలితే సరిగ్గా మధ్యకు వస్తుందో లేదో వినండి. అడాప్టర్ వైరు మొదట్లో కదిపి చూడండి. వాయిస్తుండగా ఆరిపోతే, పెండ్లి స్టేజీ మీద ఆరిపోయేది కూడా అదే.